పొద్దుగూకే దాకా ఉంటే చాలు

ముంజకాయను రెండు రకాలుగా తినొచ్చు. రోడ్డు పక్కన కొంటే, అమ్మేవాడు కత్తితో చుట్టూ చెక్కి, ముంజలు ఊడదీసి, డజను లెక్కన కవర్లో వేసి చేతికిస్తాడు. చెట్టు కింద తినే తీరు వేరు. కాయ నెత్తిన ఒక్క వేటు పడుతుంది, మూత ఎగిరిపోతుంది, మూడు కళ్లు బయటపడతాయి. బొటనవేలు ఒక్కో కంట్లో గుచ్చి, చుట్టూ తిప్పి, నీళ్లు కారిపోకముందే నోటితో అందుకోవాలి. చొక్కా మీద పడ్డ మరక ఎంత ఉతికినా మిగిలే ఉంటుంది. మొదటి పద్ధతిలో చివరికి మిగిలేవి చెక్కలూ పీచూ. రెండో పద్ధతిలో మిగిలేది గుండ్రటి నిండు బుర్ర. అంటే చక్రం.

తాటిబుర్రల చక్రాలతో పిల్లలు కట్టుకునే తాటికాయల బండి ఏమైపోయిందని ఎవరైనా అడిగితే, ఫోన్లు వచ్చాయి, పిల్లలు మారిపోయారు అనేస్తాం. పిల్లల సంగతి తర్వాత. ముందు చక్రాలే దొరకడం లేదు. ముంజలు ఒలిపించుకుని తినడం మొదలుపెట్టిన ఇంట్లో బండి తయారవదు, పిల్లాడికి ఎంత బుర్ర ఉన్నా సరే.

ఆ బండి కట్టడం ఎలాగో మరిచిపోయినవాళ్ల కోసం, అసలు తెలియనివాళ్ల కోసం, వివరంగానే చెప్పుకుందాం. కావలసినవి నాలుగే: ఒకే సైజు బుర్రలు రెండు, ఇరుసుకి మూరెడు పుల్ల ఒకటి, తోయడానికి పిల్లాడి ఛాతీ ఎత్తు పంగల కర్ర ఒకటి. మేకు, తాడు, జిగురు ఏమీ అక్కర్లేదు.

బుర్రలు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. గెలలో పక్కపక్కనే కాసిన కాయలైనా ఒక్కలా ఉండవు. రెండూ పక్కపక్కన పెట్టి, పైన ఒక పుల్ల అడ్డంగా ఆనించి చూడాలి. పుల్ల ఒకవైపు వాలితే ఆ జత పనికిరాదు. ఎందుకంటే ఈ బండిలో రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగిసి, కలిసే తిరుగుతాయి. ఒక చుట్టు తిరిగేసరికి పెద్దది ఎక్కువ దూరం పోతుంది, చిన్నది తక్కువ పోతుంది. దాంతో బండి ఎప్పుడూ చిన్న చక్రం వైపుకే లాగుతుంది. తోసేవాడి తప్పేమీ లేకపోయినా వెళ్లి కాలవలో పడుతుంది. రెండు కళ్ల కాయలు కొన్ని వస్తాయి. అవి కాస్త చప్పిడిగా ఉంటాయి కాబట్టి దొర్లేటప్పుడు ఎగిరెగిరి పడతాయి. మూడు కళ్ల కాయలే మంచివి. వాటికి ఇంకో సౌకర్యం కూడా ఉంది. మూడు కళ్ల నడిమి చోటే కాయకి నడిమి చోటు. కొలతబద్ద, కంపాసు లేకుండానే చక్రానికి కేంద్రం దొరికిపోయినట్టే.

ఇరుసుకి వేప, చింత, తుమ్మ ఏదైనా సరే, చూపుడువేలంత లావుండాలి. ఆముదం, మునగ వద్దు. చేతికి తేలిగ్గా విరుగుతాయని పిల్లలు ముందు వాటికే ఎగబడతారు. బుర్రలోకి దిగేలోపే అవి చీలిపోతాయి. పుల్ల రెండు కొసలూ పెన్సిల్ లాగా చెక్కాలి. నడుమ, పంగ ఆనే చోట మాత్రం బెరడు పూర్తిగా గీకెయ్యాలి. అక్కడ బెరడు ఉంటే తిరిగే కొద్దీ నలిగి జిగటగా తయారవుతుంది, బండి బరువెక్కుతుంది. చెక్కిన మొనను మూడు కళ్ల మధ్య ఆనించి, రెండో కొసని రాయితో కొట్టుకుంటూ పోవాలి. కనీసం నాలుగు వేళ్ల లోతు దిగాలి. ఏటవాలుగా దిగితే చక్రం అష్టవంకర్లు పోతుంది. దాన్ని పీకి మళ్లీ అదే కన్నంలో గుచ్చి లాభం లేదు, కన్నం వదులైపోతుంది. పీచు నమిలి కన్నంలో కుక్కి బిగించే ఉపాయం ఒకటుంది గానీ అది గంట కంటే ఎక్కువసేపు ఆగదు.

రెండు చక్రాల మధ్య జానెడు ఎడం చాలు. తక్కువైతే మలుపులో బోర్లా పడుతుంది. ఎక్కువైతే ఇరుసు వంగుతుంది, పంగ అటూ ఇటూ జారుతుంది.

ఇక పంగల కర్ర. రెండు కొమ్మల్లో ఒకటి ఇరుసు మీద నుంచి, ఇంకొకటి ఇరుసు కింద నుంచి పోవాలి. కింది కొమ్మని బెత్తెడు కంటే పొట్టిగా నరికెయ్యాలి. ఇది మరిచిపోతే జరిగేది ఒకటే. పరుగు అందుకున్నాక కింది కొమ్మ రాయికి తగులుతుంది, బండి ఆగుతుంది, వెనకాల పరుగెత్తేవాడు ఆగడు, కర్ర రెండో కొస పొట్టలో దిగుతుంది. తాటికాయల బండి తోలినవాళ్ల పొట్టలన్నీ ఈ పాఠం చదువుకున్నవే.

బండికి రివర్సు లేదు. వెనక్కి లాగితే పంగ ఊడి చేతికొస్తుంది. పల్లంలో బండి మనకంటే ముందు పోతుంది, అప్పుడూ ఊడుతుంది. మలుపు తిప్పడం మాత్రం విద్యే. కుడికి పోవాలంటే పంగని ఎడమ చక్రం వైపు జరిపి తొయ్యాలి. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ, ఎడమ చక్రాన్ని ముందుకు నెడితే కదా బండి మూతి కుడికి తిరిగేది. గట్టి నేల మీద ఇది అంత సులువుగా సాగదు. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాల్సిందే కాబట్టి ఏదో ఒకటి నేల మీద జారాలి. అందుకే డొంకలో ఇసుక పర్చుకున్న చోటే పందేలు పెట్టుకునేవాళ్లు. రైలు చక్రాలూ జతజతగా ఒకే ఇరుసుకి బిగించే ఉంటాయని పుస్తకంలో చదువుకోవడం చాలా ఏళ్ల తర్వాత సంగతి.

రెండు రోజులకి బుర్రలో తడి ఆరుతుంది, పీచు ముడుచుకుంటుంది, ఇరుసు వదులవుతుంది. మూడో రోజు బండి పెంటకుప్ప మీద ఉంటుంది, లేదంటే ఎండి పొయ్యిలోకి పోతుంది. ఎవరూ ఏడవలేదు. చెట్టు నిండా కాయలున్నాయి.

ఆ చివరి మాట దగ్గరే అసలు విషయం ఉందనిపిస్తుంది. అది మళ్లీ వస్తుంది. ముందు ఇంకో రెండు వస్తువులు చూద్దాం.

కోనసీమ పిల్లలకి తాటికాయకంటే ముందు చేతికందేది కొబ్బరాకు. వాచీ, కళ్లజోడు, పాము, బంతి, అన్నీ ఆ ఆకులోనే ఉన్నాయి. అన్నిటిలోకీ గొప్పది బూర. ముదురాకు వద్దు, చుట్టేటప్పుడు చిట్లుతుంది. మొవ్వులోని తెల్లటి లేతాకూ వద్దు, ఊదగానే తడిసి మెత్తబడుతుంది. మట్టలో నడుమ ఉండే పచ్చటి ఆకు ఒకటి తెంపి, ఈనె చీల్చేస్తే రెండు పట్టీలొస్తాయి. ఈనె పారెయ్యకూడదు, చివర్లో అవసరం. పట్టీ సన్నటి కొస నుంచి ఏటవాలుగా చుట్టడం మొదలుపెట్టి, ప్రతి చుట్టూ ముందటి చుట్టులో సగం కప్పేలా పోతే గరాటు ఆకారం దానంతటదే వస్తుంది. మొదటి పట్టీ అయిపోతుండగా రెండోదాని కొసని దాని కింద దోపి కొనసాగించాలి. ఆఖరి కొస విప్పుకోకుండా ఈనె ముక్క ఒకటి గుచ్చాలి.

ఇంతవరకు అందరికీ వస్తుంది. బూర మాత్రం పలకదు. పలికించేది పీక. రెండంగుళాల ఆకు ముక్కని సగానికి మడిచి, మడత వైపు చిదిమి తీసేసి, రెండు పొరలూ ఒకదానిమీదొకటి ఉండేలా సన్న కొసలో దోపాలి. తర్వాత పళ్లతో కాస్త నొక్కి చదును చెయ్యాలి. రెండు పొరల మధ్య సందు ఎక్కువైతే ‘ఉస్‌’మని గాలే వస్తుంది. తక్కువైతే బుగ్గలు నొప్పెట్టడం తప్ప ఏమీ రాదు. సరిగ్గా కుదిరినప్పుడు పెదాలకి చక్కిలిగింత పుడుతుంది, ఆ వెంటనే ఊరు లేస్తుంది. చుట్లు పెంచి గరాటు పొడుగు చేసేకొద్దీ గొంతు బొంగురవుతుంది. సన్నాయి పనిచేసేదీ ఇలా రెండు పొరల మీదే. పీక కుదరక పదిసార్లు తీసి పెట్టిన పిల్లాడికి, పెళ్లి పందిట్లో సన్నాయి విద్వాంసుడు పాటకీ పాటకీ మధ్య ఆ చిన్న ముక్కని అంత అపురూపంగా ఎందుకు చూసుకుంటాడో చెప్పక్కర్లేదు.

తెలంగాణలో, సీమలో ఈ చోటు జొన్న సొప్పది. కోతలయ్యాక ఎండిన దంటు తీసుకుని, కణుపుకీ కణుపుకీ మధ్య విరిచి, పై బెరడుని పళ్లతో పట్టి నిలువునా ఊడదీస్తే లోపల తెల్లటి బెండు మిగులుతుంది. బెండు కట్టె, బెరడు మేకు. ఈ రెండింటితో ఎడ్లబండి, నాగలి, మంచం, కళ్లద్దాలు అన్నీ అవుతాయి. బెరడు పట్టీ కొసని ఏటవాలుగా విరిస్తే సూదిలా అవుతుంది, బెండులోకి ఇట్టే దిగుతుంది. ఒకసారి దిగిన కన్నంలో మళ్లీ దింపితే నిలవదు. కాబట్టి గుచ్చే ముందే ఎక్కడ గుచ్చాలో అనుకోవాలి. పచ్చి దంటుతో చేస్తే రెండు రోజుల్లో బెండు ముడుచుకుని బండి కీళ్లన్నీ ఊడతాయి. ఇక ఆ బెరడు అంచు బ్లేడులాంటిది. చూపుడువేలి మీద సన్న గీతలు లేని పిల్లలు ఆ కాలంలో లేరు. నోట్లో పెట్టుకుని రెండు నిమిషాలు చీకితే సరిపోయేది. జొన్న చేలు పోయి పత్తి వచ్చిన ఊళ్లలో ఈ విద్య కూడా పోయింది. పత్తి కట్టెలో అలాంటి బెండు ఉండదు మరి.

ఇవి కాక అగ్గిపెట్టెల టెలిఫోను (దారం బిగువుగా ఉంటేనే మాట వినిపిస్తుంది, మధ్యలో వేలు తగిలినా ఆగిపోతుంది), టైరు దొర్లించడం, తుమ్మముల్లుకి గుచ్చిన తాటాకు గాలిమర, చెరువు మట్టితో ఎడ్లు. మట్టి ఎడ్లకి కొమ్ములు విరగడం మామూలే. మట్టి మీద మట్టి అతికించి ఆరబెడితే ఆ అతుకు దగ్గరే ఊడుతుంది. తలతో పాటే కొమ్ముల్ని లాగి తీయాలి, లేదా లోపల చీపురు పుల్ల పెట్టాలి.

న్యూస్‌పేపర్ గాలిపటం గురించి మాత్రం ఒక మాట. అది బరువు. పల్చటి రంగుకాగితం పటం ఎగిరే గాలికి ఇది లేవదు. తోక లేకపోతే లేచినా గింగిరాలు తిరుగుతుంది. నిలువు పుల్ల నిటారుగా ఉండాలి, అడ్డపుల్ల విల్లులా వంగాలి, వంపు రెండు వైపులా ఒక్కలా రావాలి. అన్నం మెతుకులతో అతికిస్తే మెతుకు పూర్తిగా నలగాలి. ఎక్కడైనా గుండుగా మిగిలితే పటం ఆ వైపే తిరుగుతుంది. అలా తిరుగుతుంటే రెండో వైపు రెక్క కొసకి చిన్న కాగితం ముక్క అంటించి చూడ్డం, ఎగరేయడం, మళ్లీ దించి ఇంకో ముక్క అంటించడం. సంక్రాంతి సెలవుల్లో ఎగరేసిన సమయం కంటే ఈ సవరింపులకి పోయిన సమయమే ఎక్కువ. దాన్ని వృథా అని ఎవరూ లెక్కపెట్టలేదు.

మరి ఇంత తెలిసిన చేతులు ఎప్పుడు ఆగిపోయాయి?

ఒక చిన్న పరీక్ష. నలభై ఏళ్లు దాటిన ఎవరికైనా కాగితం, పెన్సిల్ ఇచ్చి బొమ్మ వెయ్యమనండి. ముందు ‘నాకు రాదు’ అంటారు. బలవంతపెడితే వేసేది ఒకటే బొమ్మ. రెండు కొండలు, మధ్యలో సగం సూర్యుడు, కొండల మధ్య నుంచి జారే ఏరు, పక్కన పెంకుటిల్లు, ఒక కొబ్బరిచెట్టు, ఆకాశంలో ‘వీ’ ఆకారంలో నాలుగు పక్షులు. నాలుగో తరగతిలో వేసిన బొమ్మే అది, గీత కూడా మారదు. అనంతపురంలో పుట్టి కొబ్బరిచెట్టు సరిగ్గా చూడనివాళ్లూ అదే వేస్తారు. చెయ్యి ఆ వయసు దగ్గర ఆగిపోయింది. ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చేసరికి పిల్లలకి బొమ్మ ‘నిజంగా ఉన్నట్టు’ రావాలన్న పట్టుదల పుడుతుంది. కన్ను ముందుకు పోతుంది, చెయ్యి వెనకబడుతుంది. సరిగ్గా అప్పుడే బడిలో డ్రాయింగ్ పీరియడ్‌ని లెక్కల సారు తీసేసుకుంటారు. మూడేళ్ల తర్వాత మళ్లీ పట్టుకుందామన్నా, ఏడో తరగతి కళ్లకి నాలుగో తరగతి గీతలు సిగ్గుగా కనిపిస్తాయి.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇదే గొడవని ఇంకో వైపు నుంచి చూశారు. కార్ల్ డంకర్ అనే జర్మన్ శాస్త్రవేత్త పెట్టిన పరీక్ష ఒకటి చాలా పేరున్నది. కొవ్వొత్తి, అగ్గిపుల్లలు, ఒక పెట్టె నిండా గుండుసూదుల్లాంటి మేకులు ఇచ్చి, కొవ్వొత్తిని గోడకి నిలబెట్టమంటారు. పెట్టె ఖాళీ చేసి, దాన్ని గోడకి కొట్టి, దాని మీద కొవ్వొత్తి నిలపాలి. మేకులు నిండుగా ఉన్న పెట్టె చూసినవాళ్లకి అది ‘మేకుల డబ్బా’గానే కనిపిస్తుంది, అరుగులా కనిపించదు. 2000లో టిమ్ జర్మన్, మార్గరెట్ డెఫీటర్ అనే పరిశోధకులు ఇలాంటిదే పిల్లల మీద చూశారు. అయిదేళ్ల పిల్లలకి, పెట్టెలో సామాన్లు ఉన్నా లేకపోయినా తేడా పడలేదు, దాన్ని బోర్లించి ఎక్కే పీటగా వాడేశారు. ఆరేడేళ్ల పిల్లలకే ‘ఇది సామాన్లు పెట్టుకునేది’ అన్న అడ్డు వచ్చేసింది. ఆరేళ్లకే! తాటిబుర్ర ‘తినగా మిగిలిన చెత్త’ అని తెలిసిపోయినవాడికి అందులో చక్రం కనపడడం కష్టమే. అయితే మన ఊళ్లలో పన్నెండేళ్ల పిల్లలు కూడా బండ్లు కట్టేవాళ్లు. వాళ్లకి బుర్రలో చక్రం చూపించింది వాళ్ల వయసు కాదు, పక్కనున్న ఇంకో పిల్లాడు. ఈ విద్యని పెద్దలెవరూ నేర్పలేదు. పదేళ్లవాడు ఎనిమిదేళ్లవాడికి, వాడు ఆరేళ్లవాడికి అందిస్తూ పోయారు. బడులు ఏ తరగతి పిల్లల్ని ఆ తరగతిలో కూర్చోబెట్టాక, సాయంత్రాలు ట్యూషన్లకి పోయాక, ఆ గొలుసులో ఒక్క కొక్కెం తెగినా చాలు, కింది వాళ్లకి ఏదీ చేరదు.

పెద్దయ్యాక కూడా రోజూ చేత్తో చేసి, రోజూ చెరిపేసిన పని మన ఇళ్లలో ఒకటే మిగిలింది. ముగ్గు.

ముగ్గుని అందం కోసం వేస్తారనుకుంటాం. దగ్గర కూర్చుని చూస్తే అది లెక్క. ‘పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు, సందు చుక్క’ అంటే మధ్య వరసలో 15, దానికి అటూ ఇటూ 14, 13 అలా తగ్గుతూ 8 దాకా. ప్రతి వరసలో చుక్క ముందు వరస రెండు చుక్కల సందులో పడుతుంది. మొత్తం 169 చుక్కలు. అదే ‘పదిహేను చుక్కలు, ఒకటి వరకు, ఎదురు చుక్క’ అయితే 15, 13, 11 అలా ఒకటి దాకా, చుక్కకి ఎదురుగా చుక్క. మొత్తం 113. సందు చుక్కలో ఆరు రేకుల పువ్వు సులువుగా కూర్చుంటుంది, ఎదురు చుక్కలో నాలుగు రేకులది. ఈ తేడా తెలియకుండా ఎదురు చుక్క మీద ఆరు రేకులు వెయ్యబోతే రెండు రేకులు పొట్టిగా వస్తాయి. ముగ్గు తెలిసినవాళ్ల చేతిలో ఉండేది బొమ్మ కాదు, సూత్రం. అందుకే పదిహేనుకి నేర్చుకున్నది, వాకిలి చిన్నదైతే ఏడుకి కుదించేస్తారు. ‘ఏడు నుంచి నాలుగు’, 37 చుక్కలు.

పిండి రాలడం చేతి వాటం. బొటనవేలు, చూపుడువేలు మధ్య పిండి పట్టి, బొటనవేలిని ముందుకు దొర్లిస్తూ వదలాలి. నేలకి అంగుళం, రెండంగుళాల ఎత్తులో చెయ్యి ఉండాలి. మరీ కిందికి దించితే గీత ముద్దలు ముద్దలుగా తెగుతుంది, పైకెత్తితే చెల్లాచెదురవుతుంది. కళ్లాపి చల్లాక వెంటనే వేస్తే పిండి తడి పీల్చుకుని గీత కనపడదు, ఆరాక తేలుతుంది. పూర్తిగా ఆరాక వేస్తే గాలికి పోతుంది. చెయ్యి పెడితే చల్లగా ఉండి, అంటకుండా ఉండే ఆ పావుగంటే అదను. బియ్యప్పిండి మంచులో త్వరగా వేళ్లకి అంటుకుంటుంది. ముగ్గురాయి పొడి బరువు, జారుడు. రెండూ కలుపుకునేవాళ్లూ ఉన్నారు, చీమలకీ ఇంత పెట్టినట్టు.

మెలికల ముగ్గులో తప్పు అందంగా ఉంటుంది. గీత అన్ని చుక్కల్నీ చుట్టి మొదటికి రావాలి. సగం చుక్కలు మిగిలి ఉండగానే మొదటికొచ్చేసిందనుకోండి, మొత్తం చెరపనక్కర్లేదు. మిగిలిన చుక్కల చుట్టూ ఇంకో మెలిక తిప్పి, రెండు మెలికలు ఒకదాన్నొకటి దాటే చోటు ఒకటి చూసుకుని, అక్కడ దాటించకుండా రెండు గీతల్నీ వంచి కలిపేస్తే రెండూ ఒక్కటే మెలిక అయిపోతాయి. ఏడో తరగతి దాటని అమ్మమ్మలు చీకట్లో, చలిలో, మునివేళ్ల మీద కూర్చుని చేసిన పని ఇది. ఎనిమిదింటికల్లా పాలవాడి సైకిలు దాని మీదుగా పోయేది.

కనుమనాటి రథం ముగ్గుకి తాడు గీసి పక్కింటి రథానికి కలుపుతారు. ఆ ఒక్క గీత కోసం పక్కింటావిడ లేచేదాకా ఆగేవాళ్లు. అది అలంకారం కింద వస్తుందో, పలకరింపు కింద వస్తుందో చెప్పడం కష్టం.

బతుకమ్మదీ ఇదే దారి. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు, గునుగు, బంతి వరసలు వరసలుగా, కాడలు లోపలికి, పువ్వులు బయటికి. ప్రతి వరసకీ చుట్టు కాస్త తగ్గించాలి. మధ్యలో గుల్ల మిగలకుండా కత్తిరించిన కాడలు, ఆకులు కూరాలి. బతుకమ్మ ఒరిగిందంటే తప్పు పైన పూలలో ఉండదు, కింద కూరిన ఆకు వదులుగా ఉందని అర్థం. గునుగు పూలని ఒకే పొడుగుకి కోసి కట్టలు కట్టి రంగులో ముంచితే తెల్లటి పువ్వే నాలుగు రంగులవుతుంది. పొద్దుటి నుంచి పేర్చి, సాయంత్రం ఆడి, చీకటి పడేవేళకి చెరువులో వదిలేస్తారు. తంగేడు దొరకని డాలస్‌లోనూ లండన్‌లోనూ చామంతులు, కార్నేషన్లతో పేరుస్తున్నారు. పూలు మారినా, మధ్యలో గట్టిగా కూరాలన్నది మారలేదు.

ముంజకాయల బండి, బూర, ముగ్గు, బతుకమ్మ. వీటిలో ఏదీ రేపటికి ఉండనక్కర్లేదు. అందుకే బాగా రాకపోయినా నష్టం లేదు. రేపు మళ్లీ వెయ్యొచ్చు, రేపు మళ్లీ కట్టొచ్చు. పెద్దవాళ్ల చేతుల్ని కట్టేసేది ఈ ‘రేపటి’ లెక్కే అని మా అభిప్రాయం. దాచుకోదగ్గదైతేనే చేస్తాం. ఫోటోకి పనికొస్తేనే వేస్తాం. రంగులు కొన్నాం కాబట్టి బాగా రావాల్సిందే. మూడు రోజుల్లో వాడిపోయే దాని మీద సాయంత్రమంతా ఎవరు పెడతారు?

ముగ్గు మీద కూడా ఆ కన్ను పడింది. గడప ముందు సిమెంటు వేయించి, దాని మీద తెల్ల పెయింటుతో ఒకే ముగ్గు వేసేస్తే ఏడాది పాటు పని లేదు. స్టిక్కర్ అయితే అంటిస్తే చాలు. కన్నాల గొట్టంలో పిండి పోసి దొర్లిస్తే గజం పొడుగు అంచు అర నిమిషంలో పడుతుంది. నడుం నొప్పులున్నవాళ్లని తప్పుపట్టలేం. అయితే పెయింటు ముగ్గు వేసిన వాకిట్లో పిల్లలకి చుక్కలు లెక్కపెట్టే పని దొరకదు, తప్పు సవరించే పని అసలే దొరకదు.

ముగ్గుల పోటీల సంగతి చెబితే కొందరికి కోపం రావచ్చు. సంక్రాంతికి ప్రతి కాలనీలో పెడుతున్నారు, మంచిదే, పది మంది ఒకచోట కూర్చుంటున్నారు. కానీ మొదటి బహుమతి కుక్కర్ అనగానే సందు చుక్కలు, మెలికలు మాయమై నెమలి, కలశం, ‘ఆడపిల్లని రక్షించండి’ వచ్చేస్తాయి. న్యాయనిర్ణేతకి దూరం నుంచి కనిపించేది రంగే కదా. 1973లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం ఆవరణలోని నర్సరీలో మార్క్ లెపర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒకటి చూశారు. స్కెచ్‌పెన్నులంటే ఇష్టపడే మూడు నుంచి అయిదేళ్ల పిల్లల్లో కొందరికి ‘బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పారు. వాళ్లు వేశారు, తీసుకున్నారు. వారం, రెండు వారాల తర్వాత ఏ బహుమతీ లేకుండా అవే పెన్నులు ముందు పెడితే, వాళ్లు వాటితో గడిపిన సమయం మిగతా పిల్లలతో పోలిస్తే దాదాపు సగమే. చెప్పకుండా చివర్లో సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లల ఇష్టం తగ్గలేదు. ఇచ్చిన కాగితంలో తప్పు లేదన్నమాట, ‘దీనికోసం వెయ్యి’ అన్న మాటలో ఉంది.

పెద్దవాళ్లలో ఈ గుణం పూర్తిగా చచ్చిపోయిందనడం కూడా అన్యాయం. పాత చీరలు నాలుగు పొరలు పరిచి బొంత కుట్టేవాళ్లు ఏ చీర అంచు ఎటు రావాలో గంటసేపు చూసుకుంటారు. అవసరం అనే ముసుగు ఉంది కాబట్టి ఆ పనికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ముసుగు లేని పనికే మనకి సిగ్గు. యాభై ఏళ్ల మనిషి కొబ్బరాకు బూర ఊదుకుంటూ వీధిలో నడిస్తే ఏమంటారో మనకి తెలుసు.

ఏప్రిల్, మే నెలల్లో ముంజలు అమ్మే బండి కనిపిస్తే ఒలిచినవి అడక్కండి. ‘నాలుగు కాయలు, నెత్తి మాత్రం కొట్టి ఇవ్వు, చుట్టూ చెక్కొద్దు’ అనండి. వింతగా చూస్తాడు, ఇస్తాడు. నాలుగు ఎందుకంటే అందులో ఒక జత ఒకే సైజు వస్తుంది. కర్రకి ఊరు వెళ్లనక్కర్లేదు. ఎండాకాలం ముందు కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టేసి రోడ్డు పక్కన పడేస్తారు. ఆ కుప్పలో వేప పంగ ఒకటైనా దొరుకుతుంది. కింది కొమ్మని బెత్తెడు కంటే పొట్టిగా నరకడం మరిచిపోవద్దు. అపార్ట్‌మెంటు సెల్లారు నేల గట్టిదే అయినా నున్నగా ఉంటుంది, చక్రం జారుతుంది కాబట్టి మలుపులు బాగానే తిరుగుతాయి. ర్యాంపు మీద మాత్రం తోలకండి, బండి మీకంటే ముందు పోతుంది.